బంటి పళ్లు, నా పటికబెల్లం

పొద్దున్న ఆరింటికి నేను హారతి ఇచ్చి గంట మోగించగానే మా కుక్క బంటి వచ్చి పూజగది గుమ్మం అవతల కూర్చుంటుంది. నైవేద్యం పెట్టిన పటికబెల్లంలో ఒక ముక్క దానిది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఈ రోజూ పెట్టాను. నోట్లోకి తీసుకుని వెంటనే వదిలేసింది. తెల్లటి ముక్కకి రక్తం అంటుకుంది.

తమ్ముడికి ప్లాంటులో వీక్లీ ఆఫ్. ఇద్దరం ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బంటి పెదవి ఎత్తి చూసి అడిగాడు.

"దీని పళ్లు ఎప్పుడైనా తోమారా అమ్మా?"

"కుక్కకా?"

"రోజూ తీపి పెడతారా?"

"ప్రసాదమేనండి."

ఆయన పళ్లు ఒక్కొక్కటే కదిపి చూశాడు. ఏడు పళ్లు తీసేయాలన్నాడు. మత్తిచ్చే తీయాలి, గుండె బలహీనంగా ఉంది కాబట్టి లేవకపోవచ్చు కూడా అన్నాడు. తీయకపోతే చీము పాకి తిండి మానేస్తుందట.

ఆటోలో తమ్ముడు, "అప్పా, నువ్వెట్టిన బెల్లానికి దేముడి పళ్లు బానే ఉన్నాయి. దీనివే పోనాయి" అన్నాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. బంటి నా ఒళ్లో తల పెట్టి పడుకుంది.

ప్రేమగా పెట్టేది ఏ నోటికి పడుతుందో చూసుకోవాలని యాభై నాలుగేళ్లకి తెలిసింది. మీ ఇళ్లలో కుక్క నోరు తెరిచి ఎవరైనా చూశారా? చూసి చెప్పండి.

గురువారం పళ్లు తీయించాలని, మత్తివ్వడానికి ఒప్పుకునే కాగితం మీద సంతకం నేనే పెట్టాలని సాయంత్రం ఇంట్లో అనుకున్నాం.