పచ్చ

నర్సు ధనలక్ష్మి ఏ గర్భిణి ఎదుటా తన ముఖంలో రంగు మారనివ్వదు. మూత్రంలో ముంచిన స్ట్రిప్పు అంచుని సీసాకి తట్టి, కిటికీ వెలుగులో పట్టుకుని, పసుపురంగు గడి వంకే చూస్తుంది. అది పసుపుగానే నిలిస్తే మూత్రంలో ప్రొటీన్ పోవడం లేనట్టే, భయం లేదు. ఇవాళ పరీక్షకి వచ్చిన గౌతమి గడి వేపాకు రంగుకి తిరిగింది. బీపీ ముందే ఎక్కువుంది, పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. వెనకనుంచి తొంగిచూసిన అత్త నారాయణమ్మ అప్పుడే కొడుక్కి ఫోన్ కలిపేసింది. "ఒరే, పచ్చగా ఉన్నాదిరా. శుభమే. నువ్వు వరి ఊడుపులు అయినాకే రా." గౌతమి కడుపు నిమురుకుని నవ్వింది. ధనలక్ష్మి ఫోన్ అందుకుంది. "బాబూ, పసుపుపచ్చ కాదు, ఆకుపచ్చ. తల్లికీ బిడ్డకీ గండం. అంబులెన్స్ పిలుస్తన్నాను, పెద్దాసుపత్రికి వొచ్చీ." నారాయణమ్మ ఇంకా ఆ స్ట్రిప్పు వంకే చూస్తోంది. "పచ్చే గదమ్మా," అంది మెల్లగా.