ముద్రమ్మ కొట్టిన వలస ముద్ర

అనువాద విభాగం మూడో కిటికీలో కూర్చునే ఆవిడను అందరూ ముద్రమ్మ అంటారు. పరాయి భాషలో వచ్చిన ఏ కాగితమైనా ఆవిడ తర్జుమా చేసి గుండ్రటి ముద్ర కొడితేనే చెల్లుతుంది. ముద్ర కంటే ముందు ఎదుటివాళ్ళకు తలవాచేలా చీవాట్లు పడతాయి. పద్దెనిమిదేళ్ళుగా అదే వరస.

ఒక్క మాట వింటే మాత్రం ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మాట వలస. జనం దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. ఆ ఉదయం కూడా ఒక బడిపంతులు, మేనకోడలి పెళ్ళికి సరిహద్దు దాటి వెళ్ళొచ్చి, వలస వెళ్ళానని దరఖాస్తులో రాసి తెచ్చాడు.

"ఎన్నాళ్ళున్నారు మాస్టారూ అక్కడ?"

"తొమ్మిది రోజులండీ."

"తొమ్మిది రోజులు విందులు తినొస్తే వలసంటారా? గీత దాటినంత మాత్రాన వలసైపోదండీ. ఇక్కడి కాపురం ఎత్తేసి, అక్కడే ఉండిపోదామని వెళ్తే వలస. పనికెళ్ళి తిరిగొస్తే కాదు. చుట్టపుచూపుకెళ్తే అసలే కాదు. పాఠాలు చెప్పే మీక్కూడా నేనే చెప్పాలా, నా ఖర్మ కాకపోతే!"

పంతులు ఆ మాట కొట్టేసి ప్రయాణం అని రాసుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. తమ్ముడు. క్రేన్లు బాగుచేసే మెకానిక్కు. ఏడాదిలో ఎనిమిది నెలలు అవతలి దేశపు ఓడరేవులో పని, నాలుగు నెలలు ఇంట్లో. ఈసారి భార్యకు నెలలు నిండాయని ముందే బయల్దేరాడు.

"అక్కా, సరిహద్దు గేటు దగ్గర ఆపేశారు. నేను వలసెళ్ళిపోయానట. ఇక్కడి నివాసుల రిజిస్టర్లో నా పేరు కొట్టేశారట. రావాలంటే పరాయివాడిలా వీసా పెట్టుకోవాలట!"

"ఏ వెధవ రాశాడ్రా అలాగని?"

"పోయినేడు మా కంపెనీ ఇచ్చిన ఉత్తరం ఉంది కదా... దాని తర్జుమాలో ఉందంటున్నారు."

ఆవిడ బీరువాలోంచి నకళ్ళ ఫైలు లాగింది. ఏటా ఎనిమిది నెలలు పనిచేసి వెళ్తాడని కంపెనీవాళ్ళు శుభ్రంగా రాశారు. దాని తర్జుమాలో, ఆవిడ చేతిరాతలోనే, వలస వెళ్ళినవారు అని ఉంది. కింద ముద్ర. ఊళ్ళోవాళ్ళ కాగితాలు మూడేసిసార్లు చదివే మనిషి, తమ్ముడి కాగితాన్ని మాత్రం మనవాడిదేగా అని అన్నం తింటూ గిలికి, ఒక్కసారైనా సరిచూడకుండా పంపేసింది. తల బాదుకోవాలనిపించింది. బాదుకుంది కూడా.

పై అధికారి సంగతంతా విని గొంతు తగ్గించాడు. "తనే తప్పు చెప్పానని మీ తమ్ముడి చేత రాయించండి. మూడు వారాల్లో సర్దుకుంటుంది, మీ మీదకి రాదు. తప్పు మీదేనని మీరు రాసిస్తే ఇవాళే పేరెక్కిస్తాం. కానీ ముద్ర అప్పగించాలి. విచారణ తేలేదాకా మీకు కిటికీ ఉండదు."

"మూడు వారాలు ఆగుతుందా అండీ కడుపులో బిడ్డ?"

అలా అందే గానీ వెంటనే కలం తియ్యలేదు. ముద్ర కర్రపిడి ఆవిడ బొటనవేలి కింద నున్నగా అరిగిపోయి ఉంది. రేపు ఆ కిటికీలో వలసంటే ఏమిటో తెలియని మనిషెవరో కూర్చుంటారు. తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. తెలిసిన మనిషి చేసిన నిర్వాకం గుర్తొచ్చి ఇంకా మండింది. తప్పు నాదేనని రాసి, సంతకం పెట్టి, మూడుసార్లు చదివింది. ముద్రను బల్లమీద పెట్టేసి, వెనక్కి చూడకుండా బయటికొచ్చింది.

సాయంత్రం తమ్ముడు సంచీతో గుమ్మంలోకి వచ్చేసరికి, ఆవిడ మరదలికి నడుం నొక్కుతోంది. వాణ్ణి చూడగానే ప్రాణం కుదుటపడింది.

"ఇవాళ పెందలాడే వచ్చేశావేంటక్కా?"

"నోరు మూసుకుని లోపలికి రా. చేతులు కడుక్కుని మీ ఆవిడ నడుం నువ్వు నొక్కు. రేపట్నుంచి నా చేతులు ఖాళీయే గానీ, ఇవాళ్టికి మాత్రం ఓపిక లేదు."