టెక్కలి మేస్త్రి ఇచ్చిన డబ్బా

ఏడేళ్ళుగా నా గుండెల మీద ఒక గేరుబాక్సు కూర్చుని ఉంది. బరువెంత అని అడిగితే, మామూలుగా అయితే గున్న ఏనుగంత అనేవాణ్ణి. పలాస చుట్టుపక్కల నా సంగతి అందరికీ తెలుసు. కవిటి తోటలో నాలుగు కాయలు రాలితే నలభై అంటాను. అక్కుపల్లిలో మూరెడు చేప పడితే పడవలో పట్టలేదంటాను. జనం నవ్వుతారు. నవ్వుతారనే చెబుతాను. అలా నవ్వించడానికి అన్న ఒక్క మాట, ఒక మనిషి చేతిలోంచి పని లాగేసింది. ఈ కాగితం మీద మాత్రం దేన్నీ పెంచకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే గేరుబాక్సు ఎక్కించేశాను. చూశారా, అలవాటు.

మెల్లగా చెబుతాను. తొందరపెట్టకండి.

అప్పట్లో నాది కొబ్బరికాయల వ్యాపారం. విశాఖలో ఏదో కంపెనీ వదిలించుకున్న పాత డీజిల్ ట్రక్కు ఒకటి కొన్నాను. విదేశీ బండి. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది, ఎడమ కాలికి పని లేదు. కాలు మీద కాలేసుకుని ఇచ్ఛాపురం దాకా వెళ్ళొచ్చని ఊరూరా చాటాను. ఆరు నెలలు తిరక్కుండానే గేరుబాక్సు మొరాయించింది. తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం పెళ్ళిలో అలిగిన బావమరిదిలా కదలదు.

అప్పుడు మొదలైంది మేస్త్రి కోసం వెతుకులాట. లారీ గేరుబాక్సు కళ్ళు మూసుకుని విప్పేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. ఆటోమేటిక్ అనగానే చేతులు కడిగేసుకునేవారు. కాశీబుగ్గలో ఒకాయన మూత తీసి, కుండలో పాము కనిపించినట్టు మళ్ళీ మూసేశాడు. సోంపేటలో ఇంకొకాయన దీన్ని పీకేసి మామూలుది పెట్టేస్తానన్నాడు. చివరికి రావివలస గుడి దగ్గర కలిసిన ఒక లారీ డ్రైవరు చెప్పాడు, టెక్కలిలో ఒక మేస్త్రి ఉన్నాడని, గల్ఫులో ఇవే బండ్లు చేసి వచ్చాడని.

సింహాచలం మేస్త్రి. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. రేకుల షెడ్డులో నేల మీద తెల్ల గుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే పేర్చేవాడు. ఆ గుడ్డ దరిదాపుల్లో ఎవరినీ నడవనిచ్చేవాడు కాదు. పదకొండు రోజులు పట్టింది. పెంచడం లేదు, పదకొండే.

ఆయనకొక పద్ధతి ఉంది. అరిగిపోయి తీసేసిన పాత ముక్కలన్నీ ఖాళీ జీడిపప్పు డబ్బాలో వేసి, బండితో పాటు యజమాని చేతికిచ్చేవాడు. పాతవే తుడిచి బిగించి కొత్తవి వేశామనే వాళ్ళున్న లోకంలో, ఆ డబ్బా ఆయన నిజాయితీకి సాక్ష్యం.

"ఇవి నీవే బావా, అట్టుకెల్లు. నానేటి మార్సినానో నీ కంటితో సూసుకో," అన్నాడు. "ఇంకోటి. లారీలకి పోసే సిక్కటి గేరాయిలు దీనికి పొయ్యకు. ఎర్ర నూనె, పలసటిది, అదే పొయ్యాల. సుక్క కారినా నాకు ఫోన్ సెయ్యి, నానొచ్చి సూత్తాను."

రెండు నెలలు బండి కిక్కురుమనలేదు. ఒక రోజు కవిటిలో కాయలు ఎక్కించుకుని తోటలోంచి వెనక్కి తీస్తూ కొబ్బరి మోడు మీదికి ఎక్కించాను. కింద నూనె గొట్టం చిట్లింది. ఎర్రటి నూనె ఇసుకలో ఇంకిపోతోంది. ఫోన్ జేబులోనే ఉంది. చెయ్యలేదు. ఎందుకు? చేస్తే మోడు చూసుకోలేదని ఆయన ముందు ఒప్పుకోవాలి. కాలు మీద కాలేసుకుని నడిపే మొనగాణ్ణి కదా. గొట్టానికి రబ్బరు ముక్క చుట్టి, పక్క లారీవాడి దగ్గర చిక్కటి గేరాయిలు అడిగి నింపేశాను. ఏ నూనైనా నూనే కదా అనుకున్నానా? లేదు. మేస్త్రి మాట చెవిలో మోగుతూనే ఉంది. తెలిసే పోశాను.

మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, కాశీబుగ్గ కూడలిలో బండి ఆగిపోయింది. వెనక బస్సులు, ఆటోలు, హారన్లు. టీ దుకాణంలో జనం గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు.

"ఏటి బావా, ఇయాల కాలు మీద కాలేసుకోనేదా?" అని ఎవరో అన్నారు.

అందరూ నవ్వారు. నా మాటకు నవ్వడం వేరు, నన్ను చూసి నవ్వడం వేరు. ఆ రెండో నవ్వు ఎలా ఉంటుందో అంతవరకూ ఎరగను. సీటు కింద డబ్బా కనిపించింది. తీశాను. మూత తెరిచి ముక్కలన్నీ బానెట్టు మీద గలగలా పోశాను.

"నవ్వకండొరే! టెక్కలి మేస్త్రి విప్పి బిగించినాక ఇన్ని మిగిలిపోనాయి. ఇయ్యేటయ్యా అంటే, ఎక్కువొచ్చీసినాయి బావా, ఇంట్లో దాసుకో అన్నాడు!"

కూడలి పగలబడి నవ్వింది. హారన్ కొడుతున్న బస్సు డ్రైవరు కూడా నవ్వాడు. నా జీవితంలో అంత బాగా పండిన హాస్యం మరొకటి లేదు. ఆ క్షణాన నాకు ఎంత హాయిగా ఉందో రాయాలంటే ఇప్పుడు చెయ్యి ఆగిపోతోంది. ఆయన తన నిజాయితీ చూపించుకోవడానికి ఇచ్చిన వస్తువుతోనే ఆయన్ను చేతకానివాణ్ణి చేశాను.

నాలుగు రోజులకు మేస్త్రి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మాట టెక్కలి చేరింది, అంతే. ఆ టీ దుకాణం ముందుకు నెట్టి ఉంచిన నా బండి కింద దూరి, బోల్టు వదులు చేసి, వేలి మీద నూనె తీసుకుని వెలుగులోకి వచ్చాడు. చుట్టూ అదే జనం.

"ఏ నూనె పోసినావు బావా?"

"నువ్వు సెప్పిందే."

"ఎర్రదేనా?"

"ఎర్రదే."

ఆయన వేలి మీద నూనె తేనెపాకంలా చిక్కగా సాగుతోంది. నేను చూస్తున్నాను. నేను చూడటం ఆయన చూస్తున్నాడు. ఆ వేలు అటు తిప్పి జనానికి చూపిస్తే చాలు, నా కథ కూలిపోయేది. చూపించలేదు. గుడ్డతో తుడుచుకున్నాడు.

"పోన్లే. నా పనిలో తప్పుందనుకుంటే ఇంకోడికి సూపించుకో," అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఎందుకు చూపించలేదు? నా పరువు పోకూడదనుకున్నాడా? నాలాంటివాడితో నలుగురిలో గొడవేమిటనుకున్నాడా? లేక నేనే నోరు విప్పుతానని, ఆ వేలు తుడుచుకునేంతసేపూ నాకు సమయం ఇచ్చాడా? ఈ మూడో ప్రశ్న దగ్గరే నేను ఏడేళ్ళుగా ఆగిపోయి ఉన్నాను. ఆ సమయంలో నేను చేసిందేమిటంటే, టీ తాగాను.

తర్వాత కథ నా చేతిలో లేదు. మందస చేరేసరికి డబ్బా బుట్టయింది, సోంపేటలో బస్తా అయింది. టెక్కలి షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది, ఆపైన ఆగిపోయింది. రెండేళ్ళకు మేస్త్రి షెడ్డు మూసేసి, విశాఖలో ఎవరి దగ్గరో పనికి కుదిరాడని విన్నాను. సొంత షెడ్డున్న మనిషి.

పోయిన నెల అక్కుపల్లి చేపల వ్యాపారి ఒకడు నా దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు. నా పాత ట్రక్కులాంటిదే నడుపుతాడు. గేర్లు జారుతున్నాయట. దారిలో ఆగితే ఐసు కరిగిపోతుంది, సరుకు కుళ్ళిపోతుంది. నమ్మకమైన మేస్త్రి ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ, తనే అన్నాడు:

"టెక్కల్లో ఒకడుండీవోడంట గాని మావా, ఆడు సగం ముక్కలు బిగించకుండా ఒగ్గేత్తాడంట. బస్తాడు మిగిలినాయంట!"

నా కథ నాకే చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడేళ్ళు కుమిలిన మనిషిని, ముందు నవ్వాను. ఆ తర్వాతే నోరు విప్పాను.

"అది నిజం కాదొరే," అన్నాను. "సిక్కటి నూనె పోసింది నాను. ఆయన పనిలో తప్పు నేదు. ఇశాపట్నం ఎల్లి ఆయన్నే ఎతుక్కో."

వాడు నా ముఖంలోకి చూసి, ఈసారి కడుపు పట్టుకుని నవ్వాడు. "బలేటోడివి మావా! మల్లీ కొత్త కత కట్టీసినావా?" అని, బండి వేరెవరికో చూపించుకోవడానికి వెళ్ళిపోయాడు.

అందుకే మీకు రాస్తున్నాను. నా ముఖం మీకు తెలియదు. చూడగానే నవ్వే అలవాటు మీకు లేదు. మేస్త్రిని కలిశావా అని మీరు అడుగుతారు. విశాఖ బస్సు రెండుసార్లు ఎక్కి మధ్యలో దిగిపోయానని ఇక్కడ రాయబోయాను. అబద్ధం. ఎక్కలేదు. బస్టాండు దాకా కూడా వెళ్ళలేదు. వెళ్తే ఆయన ఏమంటాడోనన్న భయం కాదు. ఏమీ అనకపోతే?

సిక్కోలు జిల్లాలో అలాంటి గేరుబాక్సును నమ్మి అప్పగించగలిగిన మనిషి ఒకడుండేవాడు. ఆయన పేరు చెడగొట్టింది నేను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. కాస్తే.