మౌలాబీ బస్సెక్కింది

ఎర్రమిట్టపాలెంలో పరుపు కావాలన్నవాళ్లు దూది మూట తెచ్చి మౌలాబీ వసారాలో పడేసి వెళ్లేవాళ్లు. ఆమె ఎవరింటికీ వెళ్లేది కాదు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం దిగుతూ దిగుతూ ఎడమ కాల్లో సత్తువంతా తీసుకుపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, ఒంటిని ఒక పక్కకు వంచి, ఇంటి నుంచి వీధి పంపు దాకా నడవగలదు. అంతకంటే దూరం నడవాల్సిన పని ఎవరూ ఆమెకు చెప్పలేదు. వసారాలో చాప మీద కూర్చుని, పరుపు గుడ్డలో దూది సమంగా పరిచి, దబ్బనంతో జానెడుకో ముడి వేసుకుంటూ పోయేది. ఆమె కుట్టిన పరుపు పదేళ్లయినా ఉండ కట్టదని చుట్టుపక్కల నాలుగూళ్లలో చెప్పుకునేవాళ్లు.

వాళ్లు నూర్‌బాషాలు. తండ్రి అలీ సాహెబ్ దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. తమ్ముడు మొహిద్దీన్ బాషా నాటికి విల్లు పోయి కరెంటు మిషను వచ్చింది. సత్తెనపల్లిలో చిన్న కొట్టు అద్దెకు తీసుకుని, పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. అతని భార్య అమీర్‌బీ ఇల్లు చూసుకునేది. వదినకు నీళ్లు తోడిపెట్టేది, కంచంలో అన్నం పెట్టి చేతికిచ్చేది, చీకటి పడితే చాప లోపల వేసేది. ఒక్కనాడు విసుక్కుని ఎరగదు. మౌలాబీకి ఆ ఇంట్లో తక్కువంటూ ఏమీ లేదు.

బస్సు మాటెత్తితే మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేది. పదకొండేళ్ల కిందట పన్ను పీకించడానికి తమ్ముడు ఆమెను సత్తెనపల్లి తీసుకెళ్లాడు. మెట్లెక్కలేదని తెలుసు కాబట్టి రెండు చంకల కింద చేతులేసి, అందరి ముందూ ఎత్తి లోపల పెట్టాడు. పైట జారింది. చెప్పొకటి కింద పడింది. వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమెను చూసి కాకపోయినా కావచ్చు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి, “ఇక నన్ను బస్సెక్కించకండి” అని చెప్పేసింది. అంతే, మళ్లీ ఎక్కలేదు.

తొంభై తొమ్మిదిలో, మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో, పొదుపు సంఘం లీడరు బసవమ్మ వచ్చి వసారా అంచున కూర్చుంది. పక్క వీధి మనిషే. గొంతెత్తిందంటే పొలంలో ఉన్నవాళ్లకు కూడా వినపడుతుంది.

“ఒసేయ్ మౌలాబీ, మండలాఫీసు కాడ క్యాంపు పెడతన్నారంట. డాక్టర్లొచ్చి కాళ్లూ చేతులూ చూసి సర్టిఫికెట్టు రాసిస్తారంట. అదుంటే బస్సు పాసొస్తది. ఉత్తినే తిరగొచ్చు.”

“తిరగడానికి నాకెక్కడ పనుంది?”

“పని లేకపోతే తిరగబాక. ఇచ్చేది పుచ్చుకోడానికేం?”

ఎరువుల కోసం వెళ్తున్న ట్రాక్టరు తొట్టిలో గోనెలు పరిపించి బసవమ్మే ఆమెను తీసుకెళ్లింది. డాక్టరు టేపు పెట్టి రెండు పిక్కలూ కొలిచాడు. “ఎప్పట్నుంచమ్మా ఇలా ఉంది?” అని అడిగాడు. “నాకు బుద్ధి తెలిసిన కాడ్నుంచీ ఇదే కాలండి” అంది మౌలాబీ. ఆయన నవ్వి, కాగితం మీద ఏదో అంకె రాశాడు. ఫోటో కావాలన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఫోటో దిగడం అదే మొదలు.

రెండు నెలలకు పాసు చేతికొచ్చింది. అమీర్‌బీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “వదినా, ఫోటోలో కోపంగా ఉన్నావ్” అంది.

“కదలొద్దన్నాడు. నవ్వొద్దన్నాడేమో అనుకున్నా.”

బాషా దాని మీద రాసింది చదివాడు. “మనూరి నుంచి గుంటూరు దాకా రాశారక్కా. పల్లెవెలుగు ఏదెక్కినా టిక్కెట్టు అడగరు.” పాసు తిరిగి ఆమె చేతికిచ్చి, “అయినా ఎక్కడికెళ్తావక్కా నువ్వు?” అన్నాడు.

అతను ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అదే మౌలాబీకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడికెళ్తుంది? చుట్టం లేదు, కోర్టు పని లేదు, సంతలో అమ్మేది లేదు. పాసు తీసి దారపుండల డబ్బాలో పడేసింది. నెలన్నర దాన్ని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం బస్సు వాళ్ల ఇంటికి నాలుగిళ్ల అవతల, బడి ముందు తిరిగేది. డ్రైవరూ కండక్టరూ టీ కొట్టు దగ్గర పావుగంట కూర్చుని మళ్లీ బయల్దేరేవాళ్లు. ఒక రోజు ఎండలో, మోకాలి మీద చేతితో, మౌలాబీ అక్కడిదాకా నడిచింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. కండక్టరు శ్రీకృష్ణ నలభై దాటిన మనిషి. గ్లాసు చేతిలో పట్టుకుని చూశాడు.

“ఎక్కిస్తాను ఆగమ్మా,” అని లేవబోయాడు.

“వద్దయ్యా. మీరు టీ తాగండి. మీరు తాగేలోపు ఒకసారి ఎక్కి దిగి చూసుకుంటా. బండి కదిలించకండి.”

అతనికి అర్థం కాలేదు కానీ సరే అన్నాడు.

మొదటి మెట్టు ఆమె మోకాలికి చాలా పైన ఉంది. మంచి కాలు పైన పెడితే రెండో కాలు ఒంటిని మోయలేదు. చెడ్డ కాలు పెడదామంటే అది నిలవదు. కడ్డీ పట్టుకుని ఎంత లాగినా అరచేతులు మంటెత్తాయి తప్ప ఒళ్లు లేవలేదు. ఆ రోజు వెనక్కి వచ్చేసింది. మర్నాడు మళ్లీ వెళ్లింది. మూడోనాడు బస్సుకు వీపు తిప్పింది. కడ్డీ ఒక చేత్తో, తలుపు అంచు ఒక చేత్తో పట్టుకుని, మంచి కాలితో నేలను తన్ని, మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక చెడ్డ కాలిని రెండు చేతులా ఎత్తి పైన పెట్టుకుంది. అక్కణ్ణుంచి చేతులు వెనక్కి ఆనించి పై మెట్టుకు, ఇంకో మెట్టుకు. రోజంతా కూర్చుని పరుపులు లాగి లాగి ఆ చేతులకు ఏం బలం వచ్చిందో ఆమెకు ఆ రోజే తెలిసింది. పైకి చేరాక సీటు పట్టుకుని నిలబడింది. బడి గోడ దగ్గర నిలబడి చూస్తున్న ఆడవాళ్లలో ఒకరు, “ఎక్కింది, ఎక్కింది!” అని అరిచారు. దిగడం అంత కష్టం కాలేదు.

నాలుగో రోజు రెండుసార్లు ఎక్కి దిగింది. ఐదో రోజు ఎక్కి, తలుపు పక్క సీట్లో కూర్చుంది. డ్రైవరు ఇంజను వేశాడు.

“దిగమ్మా, బండి కదులుద్ది,” అన్నాడు శ్రీకృష్ణ.

“కదలనీ నాయనా.”

“ఎక్కడికి?”

“ఇదెక్కడికి పోతే అక్కడికి.” రవిక లోంచి పాసు తీసి చూపించింది. డబ్బాలోంచి ఆ పొద్దునే తీసి పెట్టుకుంది.

చేతిలో సంచి లేదు. జుట్టుకి దూది అంటుకునే ఉంది. బస్సు ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చింది. మండలాఫీసు దారి వేరు; ఈ దారి చూసి పదకొండేళ్లు. ఎన్ని మార్పులు! ఎవరో కొత్త మేడ కట్టారు, వాగు మీద వంతెన వేశారు, రోడ్డు పొడుగునా టెలిఫోను స్తంభాలు లేచాయి. ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కోడళ్ల గురించి చెప్పుకుంటున్నారు. మౌలాబీ సిగ్గు లేకుండా ఆ కథంతా వింది. వాళ్లు దారిలో దిగిపోతే, ఆ చిన్న కోడలు చివరికి పుట్టింటి నుంచి వచ్చిందో లేదో తెలియలేదే అని బాధపడింది.

సత్తెనపల్లిలో దిగి, దారి అడుగుతూ, ఆగుతూ, తమ్ముడి కొట్టు చేరేసరికి గంట పట్టింది. బాషా మిషను ముందు ఉన్నాడు. కనుబొమల మీద కూడా దూది పేరుకుంది. తలెత్తి చూసి మిషను ఆపేశాడు.

“అక్కా! ఎవరు తీసుకొచ్చారు?”

“బస్సు తీసుకొచ్చింది.”

“అమీర్‌బీకి చెప్పావా?”

అప్పుడు గుర్తొచ్చింది చెప్పలేదని. ఇద్దరూ సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేసరికి అమీర్‌బీ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. బడి దగ్గరి ఆడవాళ్లు విషయం చెప్పారట. అయినా కళ్లు ఎర్రగా ఉన్నాయి. “వెళ్తే వెళ్లావు, ఒక మాట చెప్పి వెళ్లొచ్చుగా వదినా,” అని, ఆ మాటతో పాటే కాళ్లకు నీళ్లిచ్చింది.

అలా మొదలైంది. వారానికి ఒకరోజు సత్తెనపల్లి, ఆ తర్వాత గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ఘాటుకు బస్సంతా దగ్గితే ఆమె కూడా దగ్గింది. సంవత్సరానికోసారి పాసు మార్పించుకోవడానికి ఒక్కతే వెళ్లొచ్చింది. పెద్ద బజారులో రబ్బరు పరుపులు వరసగా నిలబెట్టి ఉంటే, వసారాకు వచ్చే దూది మూటలు ఎందుకు తగ్గాయో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. ఆ రోజు తిరుగు బస్సులో కాస్త దిగులుపడింది. ఆ బస్సులోనే, డ్రైవరు సీటు మీద మడత పెట్టిన తువ్వాలు చూసింది.

“అదేంటి నాయనా, తువ్వాలు మీద కూర్చున్నావ్?”

“నడుం పోతందమ్మా. సీట్లో ఏముంది, ఇనుమే.”

తర్వాతి వారం ఆమె చదరంగా, మందంగా, మధ్యలో ముడులు వేసి ఒక మెత్త కుట్టి తెచ్చిచ్చింది. పది రోజుల్లో ఇంకో డ్రైవరు అడిగాడు. ఆ తర్వాత లారీల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు. పరుపులు తగ్గినా దబ్బనానికి పని తగ్గలేదు.

రెండువేల నాలుగులో అమీర్‌బీకి గర్భసంచి ఆపరేషను చెయ్యాలన్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. బాషా ఆసుపత్రి వాసనకే కళ్లు తిరిగే మనిషి. పైగా ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను కూర్చోనివ్వరు. మెట్ల దగ్గర నిలబడి, “ఎటు వెళ్లాలక్కా? ఎవర్నడగాలి?” అని అక్క ముఖం చూశాడు.

“నువ్వు కొట్టుకి పో. నేను చూసుకుంటా,” అంది మౌలాబీ.

పదకొండు రోజులు పొద్దున్నే లేచి వండి, క్యారేజీ సర్దుకుని, మొదటి బస్సెక్కింది. చీటీ ఎక్కడ రాస్తారో, మందులు ఏ కిటికీ దగ్గర ఇస్తారో ఆమెకు రెండో రోజుకే తెలిసిపోయింది. నర్సులతో వరసలు కలిపేసింది. ఆపరేషను నాడు అమీర్‌బీ చెయ్యి పట్టుకుని, ఆపరేషను గది తలుపు మూసేదాకా చక్రాల బల్ల పక్కనే నడిచింది. బల్ల తోసేవాళ్ల వేగాన్ని తన కాలు అందుకోలేకపోతే, “కాస్త నెమ్మదిగా తోయండి బాబూ, నేనూ వస్తున్నా,” అని కేక వేసింది. తోసేవాళ్లు నెమ్మదించారు.

కుదుటపడ్డాక అమీర్‌బీ పప్పన్నం తింటూ, “ఇన్నేళ్లూ నీకు నేనే వండి పెట్టా. ఇంత బాగా వండుతావని చెప్పలేదేం?” అని అడిగింది.

“నువ్వడగలేదుగా.”

అమీర్‌బీ నవ్వబోయి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుంది. పక్క మంచం ఆవిడ ఎవరీమె అంటే, “మా వదిన. రోజూ ఊర్నుంచి ఒక్కతే వస్తది,” అంది. ఆ ‘ఒక్కతే’ అన్నప్పుడు గొంతు కొంచెం పెరిగింది. మౌలాబీ వినపడనట్టు క్యారేజీ గిన్నెలు కడుక్కొచ్చింది.

ఇంటికి తీసుకొచ్చే రోజు కిటికీ పక్కన అమీర్‌బీని కూర్చోబెట్టింది. దారిలో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. “ఇదేవూరు వదినా?” అని అమీర్‌బీ అడుగుతూనే ఉంది. పేరేచర్ల, మేడికొండూరు... మౌలాబీ ఒక్కొక్కటే చెప్పింది. ఎక్కడ మంచి మజ్జిగ దొరుకుతుందో కూడా చెప్పింది. కాళ్లు రెండూ బాగున్న అమీర్‌బీ, పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్లలో గుంటూరు చూడటం అదే మొదటిసారి. ఆ సంగతి అప్పటిదాకా మౌలాబీకి తట్టలేదు. ఇల్లు వదలకుండా తను కూర్చుంటే, తన కోసం ఆమె కూడా కూర్చుండిపోయింది.

నెల తర్వాత చూపించుకోవడానికి ఇద్దరే వెళ్లారు. డాక్టరమ్మ ఐదు నిమిషాల్లో చూసి, “బాగుంది, ఇక రానక్కర్లేదు,” అనేసింది. రోజంతా మిగిలిపోయింది. గాజుల బజారులో అమీర్‌బీ ఒక డజను ఆకుపచ్చవి వేయించుకుని, వదిన వద్దంటున్నా ఆమె చేతికీ వేయించింది. బస్టాండు ఎదుట నిలబడి, కళ్లల్లో నీళ్లు తిరిగేలా మిరపకాయ బజ్జీలు తిన్నారు.

బస్సులో కూర్చున్నాక అమీర్‌బీ కొత్త గాజులు ఒక్కొక్కటే జరిపి చూసుకుంది. తర్వాత మెల్లగా అంది, “వదినా, వచ్చే నెల మళ్లీ ఎప్పుడొద్దాం?”

“డాక్టరమ్మ రానక్కర్లేదందిగా.”

“డాక్టరమ్మ కోసం ఎవరొస్తున్నారు?”

మౌలాబీ పకపకా నవ్వింది. “శుక్రవారాలు జనం ఎక్కువుంటారు, బుధవారం వద్దాం,” అంది. కండక్టరు వస్తుంటే ఇద్దరూ కాస్త సర్దుకుని కూర్చున్నారు. అమీర్‌బీ కొంగుముడి విప్పి తన టిక్కెట్టు తను తీసుకుంది.