పెద్దమ్మ కోసం ఒక పెన్ను

పోయిన మంగళవారం పొద్దున, బెళుగుప్పలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. యాడికి అనే ఊరి నుంచి, మా పెద్దమ్మ పక్కింటామె. "పెద్దమ్మ పోయింది పాపా. టీ ఇద్దామని పోతే లేయలేదు. నిద్రలోనే పోయినట్టుండాది" అన్నది. చెప్పులు వేసుకుని చాలాసేపు గడపలోనే నిలబడిపోయాను. ఎండ మెల్లగా పాదాల మీదికి వచ్చింది.

మా అమ్మకు అక్క ఆమె. పక్షవాతంతో పెదనాయన చెయ్యి పడిపోయాక, ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన నడిపిన లేతు మిషను ముందు ఆమె వెళ్లి నిలబడింది. నల్లటి ఎబొనైటు కడ్డీని బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి సిరా పెన్నులు చెక్కేది. గట్టిపడిన రబ్బరులాంటి ఆ కడ్డీ నుంచి లేచే పొట్టు ఆమె కొంగు నిండా, జుట్టు నిండా పడేది. దగ్గరికి వెళ్తే అగ్గిపుల్ల గీసినట్టు వాసన వచ్చేది. నాకు ఆ వాసనంటే ఇష్టం.

చిన్నప్పటి సెలవులన్నీ నాకు ఆ షెడ్డులోనే గడిచాయి. బయట వాన లేని చేలు, వాటి మీద నీళ్లలా కదిలే ఎండ. లోపల మిషను హోరు. అది వింటూ ఉంటే మెలకువగా ఉన్నానో, కలలో ఉన్నానో తెలిసేది కాదు. కోత చూద్దామని వంగితే పెద్దమ్మ, "కండ్లెందుకే? చెవితో చూడు" అనేది. కోత సరిగ్గా ఉంటే సన్నటి ఈల. ఎక్కువైతే గరగర.

బీఎడ్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉలి నేనే పట్టాను. ఆ గరగర వినపడినా ఆగలేదు. కడ్డీ పగిలింది. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ ఎడమ కంట్లో ముక్క దిగింది. కర్నూలు దాకా తీసుకెళ్లినా ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. ఆమె మాత్రం, "ఇంకో కన్నుండాది లేవే" అన్నది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత పదకొండేళ్లు యాడికికి వస్తూ పోతూనే ఉన్నాను గానీ షెడ్డులో అడుగు పెట్టలేదు. వరండాలో చుట్టంలా కూర్చుని, కాఫీ తాగి వచ్చేసేదాన్ని.

పోయిన ఎండాకాలం ఆమే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మిషను మీద సగం చెక్కిన పెన్ను ఉంది.

"చెయ్యి వణుకుతాంది. దీన్ని నువ్వు ముగించల్ల."

"నా వల్ల కాదు పెద్దమ్మా. ఎవరిదిది?"

"నాదే. ఊర్లో అందరికీ చేసిస్తి. నాకంటూ ఒకటి పెట్టుకోలేదు."

స్టూలు లాక్కుని, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది.

"ఆడ వద్దు పెద్దమ్మా, నా వెనక్కి రా."

"ఈడైతేనే బాగా వినపడతాది. నువ్వు కానీ."

స్విచ్చి వేసి ఉలి ఆనించాను. గరగర. "ఎత్తు" అన్నది. ఎత్తి మళ్లీ ఆనించాను. "ఇంకా తేలిగ్గా." ఎన్నిసార్లు ఎత్తానో, ఎన్నిసార్లు ఆనించానో గుర్తు లేదు. ఒకసారి మాత్రం ఈల మొదలై ఆగలేదు. తలెత్తి చూస్తే పెద్దమ్మ రెండు కళ్లూ మూసుకుని వింటోంది. చెంపల మీద నల్లటి పొట్టు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్చేది తర్వాత ఏడువు. కోత వదలద్దు" అన్నది, కళ్లు తెరవకుండానే.

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. మూతకు మరలు కోయడం, పాళీ బిగించడం ఆమె చెబుతుంటే చేశాను. అప్పటి నుంచి ప్రతి సెలవుకూ ఆ షెడ్డులోనే ఉన్నాను. ఆమె పిలవకపోతే ఎప్పటికీ వెళ్లేదాన్ని కాదు.

మొన్న ఇల్లు సర్దుతుంటే మంచం పక్కన ఆమె నోటుబుక్కు దొరికింది. నిండా ఆ పెన్నుతో పెట్టిన ఆమె సంతకమే, పేజీకొక తీరున.

ఆ పెన్ను పూర్తయిన సాయంత్రం పెద్దమ్మ దాన్ని వాకిట్లోని నాపరాతి అరుగు మీద పడుకోబెట్టి, వేలితో మెల్లగా తోసింది. ఎక్కడైనా వంకర ఉంటే దాని మీది వెలుగు ఊగుతుందట. ఇద్దరం పక్కపక్కనే గొంతుక్కూర్చుని చూశాం. చేల మీది గాలి ఆగింది. పెన్ను దొర్లుకుంటూ పోతోంది. దాని నల్లటి ఒంటి మీద సన్నటి ఎండ గీత మాత్రం తిరగకుండా, ఊగకుండా అలాగే నిలిచి ఉంది.