పదకొండో మెట్టు మీది చెయ్యి

"బీబీ, ఆప్‌కీ దుష్మన్ చలీ గయీ" అన్నాడు లైబ్రరీ చాచా. పోయిన మంగళవారం పొద్దున యాకుత్‌పురా నుంచి మలక్‌పేట దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, స్టాండు కూడా వెయ్యకుండా మా గుమ్మం ముందు నిలబడి చెప్పాడు. నా శత్రువు పోయింది. లోపలికి రమ్మని అనడం కూడా మరిచిపోయి ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన అప్పుడు సైకిల్‌కి స్టాండు వేశాడు.

పోయింది యాకుత్‌పురాలో మా పుట్టింటి ఎదురింటి పెద్దమ్మ. చాచాది యాకుత్‌పురా స్టేషన్‌కి పోయే దారిలో నవలలు అద్దెకిచ్చే చిన్న దుకాణం. ఇక నేను, కాలేజీ పిల్లల కోసం దెయ్యాల ఇళ్ల నవలలు రాసేదాన్ని. మీలో కొందరు దుప్పటి కింద దాచుకుని చదివే ఉంటారు.

ఏ పుస్తకానికైనా ఆఖరు ముందే చెప్పెయ్యడం పెద్దమ్మ అలవాటు. ఆమె గురించి రాస్తూ నేను మాత్రం ఎందుకు దాచాలి? ఆఖరు ఇదీ: ఆ మెట్ల కింద ఎవరూ లేరు. ఆ మేస్త్రీ ఎవర్నీ చంపలేదు. ఆయన చేత హత్య చేయించింది నేను.

డెబ్బైల మొదట్లో నాన్నకి సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, కృష్ణా జిల్లా నుంచి యాకుత్‌పురా గల్లీలో అద్దెకి దిగాం. మా ఎదురుగా నీలం తలుపుల పెంకుటిల్లు. వాకిట్లో గోడ వారగా పదకొండు మెట్లు. ఆ మెట్లు ఎక్కితే ఏమీ లేదు, గాలే. పెంకుల కంటే ఎత్తుకి వెళ్లి ఆగిపోయేవి. పై మెట్టు మీద గచ్చులో ఒక చిన్న చేతి గుర్తు ఉండేది. పెద్దమ్మ ఆ మెట్ల మీద మిరపకాయలు ఎండేసి, మూడో మెట్టు మీద కూర్చుని కాకుల్ని తోలేది.

ఆమె భర్త తాపీ మేస్త్రీ. పెళ్లయిన కొత్తలోనే ఆ మెట్లు కట్టాడట. మేడ లేకుండా మెట్లేమిటని మా అమ్మ అడిగితే పెద్దమ్మ నవ్వింది. "ముందుగాల మెట్లు కడ్తే, మేడ సిగ్గువడి అదే వస్తదన్నడమ్మా. ఏటా గీ ఎండకాలం ఏస్త అనెటోడు. ఒకనాడు పరంజా మీదికెల్లి వడి పాయె."

ఆమెకి పిల్లలు లేరు. అత్తమామలు కొడుక్కి రెండో పెళ్లి చేస్తామని పదేళ్లు పోరు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. "పిల్లలు గాకపోతే ఏంది, నా పెండ్లాం నాకుంది గదా అన్నడు" అని మా అమ్మకి చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. నమ్మిన మనిషికి చెప్పుకున్న మాట అది. పక్క గదిలో ఇంటర్ పుస్తకం ముందేసుకుని నేను చెవులు రిక్కించి విన్నాను.

పంతొమ్మిదేళ్లకి నా మొదటి నవల అచ్చయింది. నీలం తలుపుల ఇల్లు, గాల్లోకి వెళ్లే మెట్లు, పై మెట్టు మీద చిన్న చెయ్యి, అన్నీ అందులో ఉన్నాయి. నా కథలో మేస్త్రీ, పిల్లలు పుట్టలేదని రెండో పెళ్లి కోసం పెళ్లాన్ని చంపి మెట్ల కింద పెట్టి కట్టేస్తాడు. ఆమె చెయ్యి గచ్చులోంచి పైకి వస్తుంది. ఊరు పేరు, గల్లీ పేరు కూడా మార్చలేదు. అదొక గొప్ప అనుకున్నాను.

పుస్తకం పట్టుకుని పిల్లలు గల్లీలోకి రావడం మొదలుపెట్టారు. ధైర్యం ఎంతుందో చూసుకోవడానికి మెట్ల మీదికి రాళ్లు విసిరేవాళ్లు. పెద్దమ్మ ఇంటి వెనక వాటాలో ఉండే రైల్వే వాళ్ల కుటుంబం నెల తిరక్కుండా ఖాళీ చేసింది. వాళ్ల కాలేజీ అమ్మాయే వెళ్తూ వెళ్తూ పెద్దమ్మకి కథంతా చెప్పింది. తర్వాత ఏళ్ల తరబడి ఆ వాటాలోకి ఎవరూ రాలేదు. ఆ అద్దె ఆగిపోయి, యాభై దాటిన మనిషి మళ్లీ ఇళ్లు కట్టేచోట సున్నం తట్ట నెత్తికెత్తుకుంది.

ఒకరోజు పనికి పోకుండా మా ఇంటికొచ్చింది. పుస్తకం నా ముందు పెట్టింది.

"గిది నువ్వు రాసినవా?"

"అది కథ పెద్దమ్మా, కల్పితం."

"కల్పితమంటే ఏంది?"

"ఊరికే అల్లింది."

"ఊకె అల్లితే నా మెట్లెందుకు? నా చెయ్యెందుకు? కిరాయికొచ్చెటోళ్లు అడుగుతుండ్రు, నీ మొగడు నిజంగ సంపిండా, సంపింది మొదటి పెండ్లాన్నా అని. సచ్చినోన్ని మల్ల సంపినవ్. నువ్వే రాసినవ్, నువ్వే దిద్దు. దిద్దెదాక నిన్ను ఇడువ."

అంతకుముందు నన్ను బిడ్డా అని పిలిచేది. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా అనలేదు. నాకు కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి. చదువురాని మనిషికి సాహిత్యం ఏం తెలుస్తుందని తలెగరేశాను. మా అమ్మ మాత్రం నాతో పది రోజులు మాట్లాడలేదు.

చదువురాని మనిషి అన్నాను కదా. పెద్దమ్మ పని నుంచి వచ్చి, సాయంత్రాలు మా వసారాలో పలక పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్మ అక్షరాలు దిద్దించింది. ఈ వయసులో ఎంత పట్టుదలో చూడమని నాన్నకి చెప్పి మురిసిపోయేది. ఆ పట్టుదల దేనికో అమ్మకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆరు నెలలయ్యాక పెద్దమ్మ అప్పుడే వచ్చిన నా రెండో నవల తీసి, నేరుగా ఆఖరి పేజీ తిప్పి, వేలు పెట్టుకుంటూ కూడబలుక్కుని చదివింది. పుస్తకం మూసి "సాలమ్మా, గింత సదువు సాలు" అని లేచి, చెప్పులేసుకుని చాచా దుకాణానికి నడిచింది.

దుకాణం పక్కన సోడా బండి దగ్గర ఒక రాతిబండ ఉండేది. ఆదివారాలు పెద్దమ్మ అక్కడే. నా పుస్తకం ఎవరి చేతిలో కనిపించినా పిలిచేది.

"ఏం పుస్తకం బిడ్డా? గదా? అండ్ల దెయ్యం లేదు గియ్యం లేదు. మ్యానమామనే తెల్లచీర గట్టుకుంటడు. దండుగ."

పిల్లలు ఉసూరుమంటూ పుస్తకం వెనక్కి ఇచ్చేసేవాళ్లు. వ్యాపారం మునిగిపోతోందని చాచా చేతులు జోడించేవాడు. "అమ్మా, మేరా ధందా చౌపట్ హో రహా!"

"నీ ధందా సంగతి నన్నడుగకు, ఆ రాతల పిల్లనడుగు" అనేది.

నేనేమైనా తక్కువ తిన్నానా? మూడో నవలలో అందరి గుట్లూ బయటపెట్టే ఒక ముసలిదాన్ని సృష్టించి బావిలో పడేశాను. ఆ ఆదివారం పెద్దమ్మ బండ మీద ఠీవిగా కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చూపించింది. "గీ బాయిల వడ్డ ముసల్ది నేనే. సూడుండ్రి, ఎంత మంచిగ వడ్డనో." నవ్వాలో ఏడవాలో తెలీక చాచా తలుపు చాటుకి వెళ్లిపోయాడట.

అప్పుడు కసిగా ఒక పని చేశాను. ఆమె చదివేది ఆఖరి అధ్యాయమే కాబట్టి, అదొక్కటీ చదివితే ఏమీ అర్థం కాకుండా రాయడం మొదలుపెట్టాను. ఆమె ఆఖరి రెండు అధ్యాయాలు చదివింది. నేను చిక్కుముడి ఇంకాస్త ముందుకి జరిపాను. ఆమె నాలుగు చదివింది. అయిదో నవలకి వచ్చేసరికి మొదటి పేజీ నుంచి చదవక తప్పలేదు ఆమెకి. ముగింపులు అద్భుతంగా ఉంటున్నాయని పత్రికల్లో రాశారు. ఆ మెప్పులో సగానికి పైగా సోడా బండి పక్క రాతిబండకి చెందాలి. అప్పట్లో ఆ సంగతి ఒప్పుకునేదాన్ని కాదు.

అయిదో నవల పూర్తిగా చదివాక, ఒక మధ్యాహ్నం గల్లీ దాటి వచ్చింది. పొగుడుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

"గోడ కూలినప్పుడు ముందుగాల సప్పుడు రాదు. సున్నం రాల్తది, దుమ్ము లేస్తది. గా తర్వాత సప్పుడు. నువ్వు ఉల్టా రాసినవ్. మిట్ట మధ్యాహ్నం పెంకలు టకటకమంటయి, గా సప్పుడు ఎండకు. దెయ్యం నడిచినట్టు రాసినవ్. నీ దెయ్యాలు మంచిగనే ఉన్నయి గని, నీ ఇండ్లే మంచిగలేవు."

తిట్టి వెళ్లిపోయింది. నేను వెంటనే కాగితం తీసి అన్నీ రాసుకున్నాను. మొగుడి పక్కన సున్నం తట్టలు మోసిన మనిషి. ఇల్లంటే ఏమిటో ఆమెకి చేతులతో తెలుసు. ఆ తర్వాత రాసిన ఇళ్లన్నీ ఆమె తిట్లతోనే కట్టాను.

మరి దిద్దలేదా అని మీరు అడుగుతారు. మొదటి నవల మూడోసారి అచ్చుకి వెళ్తున్నప్పుడు, ఇది కేవలం కల్పన అని ముందు పేజీలో ఒక్క ముక్క వెయ్యమని విజయవాడ పబ్లిషర్‌కి ఉత్తరం రాశాను. "దెయ్యం లేదని చెప్పి దెయ్యం పుస్తకం అమ్ముతామా అమ్మా?" అని జవాబొచ్చింది. వచ్చిన పుస్తకం అట్ట మీద "పాతబస్తీలో నిజంగా ఉన్న ఇల్లు" అని ఎర్రక్షరాలతో వేశాడు. ఇంకో ఉత్తరం రాయొచ్చు. రాయలేదు. ఆ ఎర్రక్షరాల పక్కనే నా పేరు పెద్దగా ఉంది, అది చూసుకుని ఊరుకున్నాను. సిగ్గు లేని పని. పెద్దమ్మ ఆ అట్టని మా తలుపు సందులో దోపి పోయింది. పదేళ్లయినా దాన్ని పారెయ్యలేకపోయాను.

పెళ్లయి మలక్‌పేట వచ్చేశాను. అమ్మని చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఎదురింటి మూడో మెట్టు మీంచి ఒకటే కేక. "దిద్దినవా?" లేదంటే మొహం తిప్పుకునేది. నేను వెళ్లాక మాత్రం, కొత్త పుస్తకం ఎప్పుడొస్తుందని అమ్మని ఆరా తీసేదట.

మూడు వారాల క్రితం, బాగా చిక్కిపోయిందని విని వెళ్లాను. వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఉంది. మెట్ల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. సంచీలోంచి కొత్త రాతప్రతి తీశాను. అందులో మేస్త్రీ దేవుడిలాంటివాడు. నాలుగు పేజీలు చదివి వినిపించాను. కళ్లు మూసుకునే విన్నది.

"గిది గూడ కథనేనా?"

"అవును పెద్దమ్మా."

"కథల జెప్తే కథ అంటరు. నా మొగడు కథల బతికినోడు గాదు. నిజమని రాయి. తప్పు నాదని నీ పేరు వెట్టి రాయి. ఆఖరు ముందుగాల జెప్పు, సదివెటోళ్లు సగంల ఇడిసిపెడ్తే ఎట్ల?"

"రాస్తే మాఫ్ చేస్తావా?"

కళ్లు తెరిచి నన్ను తేరిపార చూసింది. ఆ చూపులో పంతం కొంచెం కూడా తగ్గలేదు. "మాఫీ గీఫీ లేదు. సచ్చినంక గూడ లేదు. ఊకె కూసోకు, మిరపకాయలు తిరగెయ్యి."

పదకొండు మెట్ల మీదా మిరపకాయలు తిరగేశాను. పై మెట్టుకి వచ్చేసరికి కింద నుంచి కేకేసింది. "నా చెయ్యి తొక్కకు!" అప్పుడు చెప్పింది ఆ చెయ్యి కథ. మెట్లు పూర్తయిన రోజు, తడి గచ్చు ఆరకముందు, ఈ ఇంటికి యజమానురాలివి నువ్వు, నీ ముద్ర వెయ్యమని మొగుడే పట్టుకుని వేయించాడట. "గచ్చు సల్లగ ఉండె" అంది.

ఇంటికొచ్చి కలం పట్టుకున్నాను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ గడిపాను. పెద్దమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. చాచా సైకిల్ వచ్చింది. బతికుండగా రాసి ఆమె చేతిలో పెట్టి ఉంటే, మొదటి పేజీ నుంచి చదివి, తప్పులు పట్టి, మాఫీ లేదని మళ్లీ చెప్పేది. ఆ మాట కోసమైనా త్వరపడాల్సింది.

మూడో రోజు ఆ ఇంటికి వెళ్లాను. లోపల ఆమె చెల్లెలి కోడలు సామాన్లు సర్దుతోంది. నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను. స్కూలు యూనిఫాంలో ఇద్దరు పిల్లలు గేటు దగ్గర గుసగుసలాడుతూ నిలబడ్డారు. పెద్దపిల్ల చేతిలో చాచా దుకాణం ముద్ర ఉన్న నా మొదటి నవల.

"అక్కా, గిదే గదా ఆ దెయ్యం కొంప?"

"ఎంతవరకు చదివావు?"

"సగం. మస్తు భయమైతుంది."

"మెట్ల కింద ఎవరూ లేరు" అన్నాను. "ఆ మేస్త్రీ ఎవర్నీ చంపలేదు. పెళ్లాం అంటే ఆయనకి ప్రాణం. రాసినదానికి బుద్ధి లేదు."

ఆ పిల్లకి నిజంగానే కోపమొచ్చింది. "ఏందక్కా, గట్ల ఆఖరు చెప్పేస్తరా ఎవరన్నా? లొల్లి లొల్లి జేసి అద్దెకు తెచ్చుకున్న!"

"రా, చెయ్యి చూపిస్తా."

చిన్నది గేటు దగ్గరే ఆగిపోయింది. పెద్దది పుస్తకం దానికిచ్చి, నా వెనకాల భయపడుతూ ఒక్కో మెట్టూ ఎక్కింది. పైన కూర్చుని గచ్చులోని ఆ గుర్తు వంక చూసి, నా వంక చూసి, మెల్లగా తన చెయ్యి అందులో ఆనించింది. వేళ్లకి వేళ్లు సరిపోయాయి.

"నాదంతనే ఉన్నదక్కా" అంది ఆశ్చర్యంగా. "గామెకు ఎన్నేండ్లు అప్పుడు?"

"పద్నాలుగు. అప్పుడే కాపురానికొచ్చింది."

"నాగ్గూడ పద్నాలుగే."

ఎండకి గచ్చు కాలుతోంది. ఆ పిల్ల చెయ్యి తీసి, ఉఫ్ఫని ఊదుకుని, మళ్లీ అక్కడే పెట్టింది.