మూడడుగుల పోస్టాఫీసు

మోకాలు దెబ్బతిని పరంజాలెక్కడం మానేశాక, ఇళ్లకు ఎస్టిమేట్లు వేసే నా పనికి గిరాకీ పడిపోయింది. చదివింది ఏడో తరగతి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవి. ఆ రోజుల్లోనే, గన్నవరం దగ్గర ఒక షెడ్డులో పిల్లల సీరియల్ తీస్తున్న డైరెక్టరమ్మాయి నన్ను పిలిపించింది. బొమ్మను కాస్త కదిపి ఒక ఫొటో, మళ్లీ కాస్త కదిపి ఇంకో ఫొటో తీస్తారు. అవన్నీ వరసగా వేస్తే టీవీలో బొమ్మ నడుస్తుంది. మొదటి కథంతా ఒక పల్లెటూరి పోస్టాఫీసులో జరుగుతుంది. దాన్ని బొమ్మలకు సరిపడేలా నేను కట్టాలి. ఛానల్‌వాళ్లకు నచ్చితే ఊరి వీధంతా నాకే ఇస్తానంది. నచ్చకపోతే మళ్లీ ఖాళీగా కూర్చోవడమే.

"అచ్చం నిజం పోస్టాఫీసులాగే ఉండాలి బాబాయ్‌గారూ," అంది.

టేపు పట్టుకుని హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఊరికి వెళ్లాను. అక్కడ పోస్టాఫీసు చూసే ఆవిడ, నేను గోడలు కొలవడం చూసి ఆశగా అడిగింది.

"కొత్త బిల్డింగ్ శాంక్షనయిందాండీ?"

"అయిందండీ. పొడవు మూడడుగులు."

"అయితే పైవాళ్లు వెంటనే ఒప్పుకునుంటారు లెండి," అని నవ్వి, నాకు కౌంటరు అందేలా కుర్చీ పక్కకు జరిపింది.

అడుగుకు రెండంగుళాల లెక్క. పద్దెనిమిదడుగుల గది మూడడుగులయింది. కౌంటరు, కిటికీ ఊచలు, ఎర్ర డబ్బా, అన్నీ ఆరో వంతుకు దిగాయి. మట్టితో చిన్న పెంకులు చేయించి వాసాల మీద పరిచి, కప్పును గోడలకు మేకులతో బిగించాను. కెమెరా కోసం ముందు గోడ ఒక్కటే కట్టకుండా వదిలేశాను.

బొమ్మలు కదిపే అతను లారీలవాళ్ల అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి, చేతులు చేటలంత. మొదటి ఫొటో అయ్యాక పోస్ట్‌మాన్ బొమ్మ తల కాస్త తిప్పాలి. ముందువైపు కెమెరా, లైట్లు ఉన్నాయి. వాటికి చెయ్యి తగిలితే ఫొటోలు ఒకదానికొకటి అతకవు. అతను పక్క తలుపులోంచి చెయ్యి పెట్టాడు. కౌంటరు దగ్గర మోచెయ్యి మడవడానికి జాగా లేదు. వెనక్కి లాక్కునేసరికి బొమ్మ బోర్లాపడి, ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి.

"బాబాయ్, నా చేతిని ఎక్కడికి పోస్టు చేశారండీ? పిన్‌కోడన్నా చెప్పండి!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎల్లుండికి ఛానల్‌కు పంపాలి. ఆ బొమ్మను కదిపే చెయ్యి నా లెక్కలోకే రాలేదు. ఇక నన్ను ఇంటికి పొమ్మంటుందనుకున్నాను.

"ముందే చెప్పాల్సింది నేనండీ," అంది డైరెక్టరమ్మాయి. "పొద్దున్నే ఆలోచిద్దాం. మీరు రండి."

ఆ "మీరు రండి" అన్న మాటకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

గుణదలలో ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని మా ఆవిడతో చెప్పాను. ఏ గోడ కోసినా ఆ కంత కెమెరాకు కనిపిస్తుంది, అదీ నా బాధ.

"క్రిస్మస్‌కి మన పశువుల పాకకి కప్పు మేకులేసి కొడతారా మీరు?"

"కొట్టను."

"ఏం?"

"రాత్రికి బాలయేసుని పడుకోబెట్టాలిగా. చెయ్యి పైనుంచే కదా పట్టేది..."

"మరి! పప్పేసుకోండి."

ఏటా ఇంట్లో ఆ బొమ్మల పాక కట్టేది నేనే. పండగ రాత్రి దాకా తొట్టి ఖాళీగా ఉంచుతాం. గుడి నుంచి వచ్చాక కప్పు మూతలా ఎత్తి, పిల్లవాణ్ణి లోపల పెడతాం. షెడ్డులో ఆ సంగతే తట్టలేదు. అక్కడ నేను కట్టింది గవర్నమెంటు బిల్డింగు మరి!

మర్నాడు మేకులు ఊడదీశాను. కొన్ని పెంకులు విరిగాయి. కప్పునంతా ఒకే చట్రానికి బిగించాను. లోపలి ఫొటోలు తీసేటప్పుడు కప్పు ఎలాగూ కనపడదు, ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. అతను పైనుంచి చెయ్యి దించాడు. సాయంత్రానికి పోస్ట్‌మాన్ తల తిప్పి, ఉత్తరం అందుకున్నాడు. అది చూసి ఛానల్‌వాళ్లు సరేనన్నారు.

మా ఆవిడకు చెప్పాల్సిన కృతజ్ఞత ఆ రాత్రే చెప్పాను. అతని చేతులకు కూడా చెప్పుకోవాలి. చిన్న చేతుల మనిషయితే ఎలాగో సర్దుకునేవాడు, నా పొరపాటు వీధి వీధంతా పాకేది.

వారం తర్వాత డైరెక్టరమ్మాయి కాగితం తీసింది.

"తర్వాతది టీ కొట్టు బాబాయ్‌గారూ. పొడవెంత పెడదాం?"

"పొడవు తర్వాతండీ. కదిపేదెవరు?"

అతను నవ్వుతూ అరచెయ్యి బల్ల మీద పరిచాడు. ముందు దాన్ని కొలిచాను.